ఎడం చెయ్యి, ఏమనుకోకు

“ఎడం చెయ్యి, ఏమనుకోకండి” అంటూ నాగమణి బందరు హల్వా పొట్లం నా చేతికిచ్చింది. గుడివాడలో మా ఇంటి ముందు ఆటో దిగి, కుడి చేత్తో కాగితాల సంచి గుండెకు అదుముకుని నిలబడి ఉంది. యాభై ఏళ్ల పైచిలుకు తర్వాత గుమ్మంలోకి వచ్చిన మనిషిని ఎవరైనా మొహం చూసి గుర్తుపడతారు. నేను ఆ చెయ్యి చూసి గుర్తుపట్టాను. గుర్తుపట్టగానే సంతోషించాలి కదా, నాకు ముందు భయం వేసింది. ఎనిమిదో తరగతి దాకా మేమిద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఆమెకు నేను చేసిన అన్యాయం గురించి ఎవరికీ చెప్పలేదు. అడగడానికే వచ్చిందనుకున్నాను.

ఆమె వచ్చింది పింఛను పని మీద. ఆధార్ కార్డులో వయసు పదేళ్లు తక్కువ పడిందట. సచివాలయంలో బడి కాగితం తెమ్మన్నారు. బడికి వెళ్తే, పాత రిజిస్టరులో ఉన్న మనిషి నువ్వేనని తెలిసినవాళ్లెవరైనా వచ్చి సంతకం పెట్టాలన్నారు. “మేష్టారి అమ్మాయి గుడివాడ కాలేజీలో లెక్చరరుగా చేసి రిటైరయ్యారని మా కోడలు కనుక్కుంది మేడమ్ గారూ. మీరొచ్చి చెబితే కాదంటారా?” అంది. కుర్చీ అంచు మీద కూర్చుని మంచినీళ్లు తాగింది, ఎడం చేత్తోనే. నన్ను మీరు అంటుంటే నాకు మింగుడుపడలేదు. మర్నాడు పొద్దున బండికి బందరు వస్తానని ఒప్పుకున్నాను.

బందరులో ఒక ఎయిడెడ్ హైస్కూలుకు మా నాన్నగారు హెడ్మాస్టరుగా చేశారు. పరాసుపేటలో అద్దె ఇల్లు. పొద్దున్నే వరండాలో కిటికీ ఊచకు అద్దం తగిలించుకుని గడ్డం గీసుకునేవారు. పక్కన ముక్కాలిపీట మీద అట్ట వేసిన లావుపాటి డిక్షనరీ ఉండేది, దాని మీద కాఫీ గ్లాసు పెట్టడానికి ఎవరికీ అనుమతి లేదు. సబ్బు నురగ వాసన, కాఫీ వాసన, సముద్రం వైపు నుంచి వచ్చే ఉప్పు గాలి కలిసిపోయి ఉండగా ఆయన రోజుకొక ఇంగ్లీషు మాట పట్టుకునేవారు. చిన్న మాటలంటేనే ఇష్టం. పెద్ద మాటకు ఒకటే అర్థం, చిన్న మాటకు పది అర్థాలు అనేవారు. పోస్ట్ అంటే స్తంభం, ఉత్తరాలు, ఉద్యోగం. ఎలా అయింది చెప్పు? నేను నోరు తెరిచేలోగా ఆయనే చెప్పేసేవారు. డచ్చివాళ్లు, ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు మన రేవులో దిగారు, వాళ్లు పోయినా పేటల పేర్లు మిగిలాయి, మాటలూ అంతే అనేవారు. ఇంటికొచ్చిన ప్రతి పెద్దమనిషికీ వినిపించిన వాక్యం ఇంకొకటి ఉంది: “వంశం అడగాల్సింది మాటనండీ, మనిషిని కాదు.” వాళ్లు ఆహా అనేవారు. తలుపు చాటు నుంచి నేనూ పొంగిపోయేదాన్ని.

నాది పుర్రచెయ్యి. అన్నం దగ్గర ఎడం చెయ్యి లేస్తే మా నాయనమ్మ పాత రవికె గుడ్డ చింపి దాన్ని నా నడుముకు కట్టేసేది. “రేపు అత్తారింట్లో ఆ చేత్తోనే వడ్డిస్తావటే?” అని సణిగేది. నాన్నగారు గుడ్డలు కట్టలేదు. ఆయన పద్ధతి వేరు. ఒకరోజు లెఫ్ట్ అనే మాట పట్టుకున్నారు. పాత ఇంగ్లీషులో దానికి అర్థం బలహీనమైనది, పనికిరానిది అని చెప్పారు. పక్షవాతాన్ని కూడా వాళ్లు ఎడమ జబ్బు అనేవారట. ఫ్రెంచివాళ్ల సభలో రాజుగారికి ఎదురు తిరిగినవాళ్లు ఎడం పక్కన కూర్చున్నారు కాబట్టి జెండాలు పట్టుకుని మన వీధుల్లో తిరిగేవాళ్లూ లెఫ్టే అయ్యారన్నారు. చివర్న నా వైపు తిరిగి, “పనికిరాని చెయ్యి గనక అందరూ వదిలేశారు, అందుకే లెఫ్ట్. నువ్వూ వదిలెయ్యాలి మరి” అని నవ్వారు. ఆ నవ్వు కోసం ఆరు నెలలు పలక మీద కుడిచేత్తో అక్షరాలు దిద్దాను. ఆయన రాసినట్టే గుండ్రంగా రాయడం వచ్చింది. వచ్చినవాళ్లకల్లా నా నోటుపుస్తకం చూపించి, “ఒక్క దెబ్బ కొట్టకుండా మార్చానండీ” అని చెప్పుకునేవారు.

నాగమణి వాళ్లది గిలకలదిండి. తండ్రి వేటకు వెళ్లేవాడు, తల్లి ఆదిలక్ష్మి గంప నెత్తిన పెట్టుకుని మా వీధుల వైపు చేపలు అమ్ముకునేది. పొద్దున్నే వల కుట్లు వేసి, చేతులు కడుక్కుని, ఆ తడి జడలకు రాసుకుంటూ బడికి వచ్చేది నాగమణి. ఆమెదీ పుర్రచెయ్యే. వాళ్లింట్లో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. వల తెగకుండా కుడితే చాలు, ఏ చేత్తో కుడితే ఏమిటని తల్లి అనేదట. నేను బెంచీకి ఎడం కొసన, నాగమణి నా కుడి పక్కన కూర్చునేవాళ్లం. ఇద్దరం ఎడం చేత్తో రాసినన్నాళ్లూ ఇబ్బంది లేదు. నేను కుడిచేతికి మారిన దగ్గర్నుంచి నా కుడి మోచెయ్యీ ఆమె ఎడం మోచెయ్యీ కొట్టుకోవడం మొదలైంది. సిరా ఒలికేది. “నువ్వు మారావు గాబట్టి నువ్వే జరుగు” అనేది. నేను జరగలేదు. హెడ్మాస్టరు కూతుర్ని, జరగాల్సింది తనే అనుకున్నాను.

నాన్నగారు ఎనిమిదో తరగతిలో కూడా ఆ లెఫ్ట్ పాఠం చెప్పారు. రాము ఊరు వదిలి వెళ్లాడు, అదీ లెఫ్టే. నాలుగు మామిడిపళ్లలో మూడు తిన్నాం, ఒకటి మిగిలింది, అదీ లెఫ్టే. పనికిరాని చెయ్యి, వదిలేసిన చెయ్యి దగ్గరికి వచ్చేసరికి తరగతంతా నాగమణి వైపు తిరిగి నవ్వింది. నేనూ నవ్వాను. నాగమణి లేచి నిలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాం. “మేష్టారండీ, పోయినోడూ లెఫ్టే, మిగిలినోడూ లెఫ్టే అయితే, ఒట్టి ఆ మాటే రాసుంటే మనిషి పోయాడో ఉన్నాడో ఎట్టా తెలుసుద్దండీ?” అని అడిగింది. నాన్నగారు సుద్దముక్క బల్ల మీద పెట్టి, “కూర్చో, మంచి ప్రశ్న” అన్నారు. జవాబు చెప్పలేదు. ఆ ఆదివారం ఇంటికొచ్చిన ఇద్దరు మేష్టర్లతో, “నాకొక సందేహం వచ్చిందండీ” అంటూ అదే ప్రశ్నను తనదిగా చెప్పారు. వాళ్లు తొడ చరుచుకుని మరీ నవ్వారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎన్ని సభల్లో చెప్పారో లెక్కలేదు. ఒక్కసారి కూడా నాగమణి పేరు తేలేదు.

ఆ యేడు వార్షికోత్సవానికి దివిసీమ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. అవనిగడ్డ వైపు పొలాలు, మిల్లు ఉన్నాయి. బడికి మూడు గదులు కట్టించి ఇస్తానన్నాడు. వేదిక మీద ఆయనకు గంధం రాయడానికి ఒక పిల్ల, తాంబూలం ఇవ్వడానికి ఒక పిల్ల కావాలి. ఇంగ్లీషులో మొదటి మార్కు వచ్చిందని నాగమణిని, తన కూతురని నన్ను ఎంచారు నాన్నగారు. నాగమణి వారం రోజులు సాధన చేసింది. గిన్నె ఎడం చేత్తో పట్టుకోవాలి, గంధం కుడిచేత్తో రాయాలి. మధ్యాహ్నం ఖాళీలో నా చేతికి నీళ్లతో రాసి చూపించేది. నాకు సాధన అక్కర్లేదు కదా, నేను మారిపోయినదాన్ని. ఇద్దరికీ ఒకే రకం పచ్చ లంగా, తెల్ల జాకెట్టు, మల్లెపూలు. ఆమె తప్పు చెయ్యకుండా గంధం రాసి పక్కకు జరిగింది. నా వంతు వచ్చేసరికి మైకు కీచుమంది. ఇత్తడి పళ్లెం బరువుగా ఉంది, దాన్ని కుడిచేత్తో గట్టిగా పట్టుకుని రెండో చేత్తో తమలపాకులు అందించాను. ఆయన ఎవరితోనో మాట్లాడుతూ చెయ్యి చాచాడు, ఆకులు తగిలాక చూశాడు. కాలినట్టు చెయ్యి లాక్కున్నాడు. ఆకులూ వక్కలూ కింద పడ్డాయి.

“ఏవండీ హెడ్మాస్టారూ, పుర్రచేతి పిల్లతో నాకు తాంబూలం ఇప్పిస్తారా? మా పొలాల్లో కూలీల చేత జెండాలు పట్టించిన లెఫ్టోళ్లతో పడలేక నేను చస్తుంటే, ఇక్కడా అదేనా?” అన్నాడాయన. అతని కళ్లు మా చేతుల మీద ఉన్నాయి, మొహాల మీద లేవు. నాన్నగారు నన్ను చూశారు. పూర్తిగా చూశారు. ఆయన కళ్లు నా ఎడం చేతి మీద ఆగి, పళ్లెం మీదికి వెళ్లి, నా మొహం మీదికి వచ్చాయి. తర్వాత పక్కకు తిరిగి, “క్షమించాలండీ, ఆ పిల్లది పుర్రచెయ్యని తెలిసీ ఎక్కించాం, మా పొరపాటే. నాగమణీ, నువ్వు కిందికి దిగమ్మా” అన్నారు. అమ్మా అని కూడా అన్నారు. నాగమణి ఒకసారి నన్ను చూసి, గంధం గిన్నె బల్ల మీద పెట్టి, మెట్లు దిగిపోయింది. బడి మొత్తానికి పుర్రచెయ్యి అంటే ఆమే గుర్తుకొస్తుంది. కింద కూర్చున్నవాళ్లెవరికీ అనుమానం రాలేదు. నేను నోరు తెరవలేదు. పదమూడేళ్ల పిల్లవి, నువ్వేం చేస్తావులే అని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఆ నోరే ఆ సాయంత్రం నాటకంలో పేజీన్నర సంభాషణ తప్పు లేకుండా చెప్పింది.

ఆ పిల్ల ఉన్న బడికి శంకుస్థాపనకు రానని ఆయన భోజనాల దగ్గర అన్నాడట. సోమవారం ఆదిలక్ష్మిని పిలిపించారు. ఆమె గంప గేటు బయట దించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఆఫీసు గదిలోకి వెళ్లింది. కిటికీలోంచి చూశాను. నాన్నగారు మెల్లగా, మర్యాదగా ఏదో చెబుతున్నారు. ఆమె తల ఊపుతోంది. సిరా పెట్టె తెచ్చారు. నాగమణి పుస్తకాల సంచి తీసుకుంటూ, “వెళ్లొస్తా” అంది నాతో. మన భాషలో వెళ్తానని ఊరికే అనం కదా, వస్తానని కూడా కలిపి అంటాం. ఆ మాట పట్టుకుని ఒక వారం ఆమె వస్తుందని ఎదురుచూశాను. తర్వాత బెంచీ మీద మోచేతులు తగలడం ఆగిపోయిందని గమనించాను.

నాన్నగారు నన్ను తిట్టలేదు, కొట్టలేదు. మర్నాడు పొద్దున్నే గడ్డం గీసుకుంటూ ఎప్పటిలాగే మాట పట్టుకున్నారు. ఫెయిర్. సంత, తెల్లటి రంగు, న్యాయం. ఆ రోజు మాట నిజంగా అదేనో, ఆయన మీది కోపంతో నా జ్ఞాపకమే తెచ్చి అక్కడ పెట్టిందో చెప్పలేను. చెప్పగలిగింది ఒకటుంది. ఎమ్మే చదివేటప్పుడు లైబ్రరీలో పెద్ద నిఘంటువు తీసి లెఫ్ట్ చూశాను. ఎడమ అనే మాటకూ వెళ్లిపోవడమనే మాటకూ ఏ చుట్టరికమూ లేదు. పుట్టుకలు వేరు, కాలక్రమంలో అక్షరాలు ఒకటయ్యాయి, అంతే. పనికిరాని చెయ్యి గనక వదిలేశారన్నది నాన్నగారు నవ్వు కోసం అతికించిన కథ. ఆయన ముక్కాలిపీట మీది డిక్షనరీలో కూడా ఆ సంగతి ఉంది, తర్వాత చూశాను. నాగమణి చేతికీ నాగమణి వెళ్లిపోవడానికీ కూడా ఏ సంబంధమూ లేదు. వాటినీ ఆయనే అతికించారు. ఆమె ప్రశ్నకు జవాబూ ఆ పేజీలోనే దొరికింది: లీవ్ అనే ఆ క్రియకు మొదటి అర్థం మిగల్చడమేనట, వెళ్లడమన్నది తర్వాత వచ్చింది. అంత తెలిసినదాన్ని, ముప్ఫై ఏళ్లు కాలేజీలో పాఠం చెప్పి, ఆ మాట వచ్చిన ప్రతిసారీ పోయినవాడూ లెఫ్టే, మిగిలినవాడూ లెఫ్టే అని చెప్పి పిల్లల్ని నవ్వించాను. మా నాన్నగారు చెప్పేవారని కూడా అన్నాను.

ఇప్పుడు మా మనవరాలు ఎడం చేత్తో రాస్తుంది. వాళ్ల టీచరు లెఫ్ట్ హ్యాండర్లు తెలివైనవాళ్లని పొగిడి పంపింది. రోజుకొక మాట, దాని పుట్టుక, ఫోనులో వస్తుంది. ఎవరి చేతికీ ఎవరూ గుడ్డలు కట్టడం లేదు. లోకం మంచిదైపోయిందని సంతోషిద్దామంటే నాకు చేతకావడం లేదు. మారడం ఇంత సులువైతే అప్పుడే ఎందుకు మారలేదని కడుపు మండుతుంది.

నాగమణి మా ఇంటికొచ్చిన మర్నాడు బండి పెడన దాటి బందరు చేరేసరికి ఆమె స్టేషన్లో నిలబడి ఉంది. బడి సగం మూతబడింది. ఆ పెద్దమనిషి కట్టించిన మూడు గదుల్లో ఒకదానికి కప్పు పెచ్చులూడి ఊచలు కనిపిస్తున్నాయి. గుమాస్తా కుర్రవాడు మర్యాదస్థుడు, రిజిస్టరు దుమ్ము దులిపి బల్ల మీద పరిచాడు. నాన్నగారి అక్షరాలు గుండ్రంగా, ముత్యాల్లా ఉన్నాయి. నాగమణి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ. చివరి గడిలో ఒకే ఒక మాట. దాని పక్కన వేలిముద్ర, వేలిముద్ర చుట్టూ అదే దస్తూరీలో తల్లి ఎడమ బొటనవేలి ముద్ర అని రాసి ఉంది. కూతురి ఎడం చెయ్యి బడికి పనికిరాలేదు. ఆ ముక్క రాయించుకోవడానికి తల్లి ఎడం చెయ్యి పనికొచ్చింది.

“అమ్మదే ఆ ఏలు” అంది నాగమణి, ముద్రను తాకకుండా దాని మీద చెయ్యి ఆడించి. “ఆ చివర్న ఏం రాశారు మేష్టారు? కళ్లజోడు మర్చిపోయొచ్చా.”

“లెఫ్ట్ అని.”

ఆమె నవ్వింది. “పోయాననా, మిగిలాననా?”

నాకు నవ్వు రాలేదు. గుమాస్తా వింటున్నాడని కూడా చూడకుండా, “నాగమణీ, ఆ రోజు ఎడం చేత్తో ఇచ్చింది నేను” అన్నాను.

“నాకు తెలీదా? పక్కనే ఉన్నాగా” అంది, చాలా మామూలుగా. అండీలు, మేడమ్ గారూలు అక్కడితో పోయాయి. “మేష్టారు సరిగ్గా చూసుకోలేదు. నేను కాదని చెబుదునా, నీకు తన్నులు పడతయ్యని ఊరుకున్నా. ఆయనకి తెలిస్తే నన్ను పంపేవోరు కాదు. దేవుడిలాంటి మనిషి. మా పిల్లలకీ అదే చెప్పా.”

చెప్పకుండా ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఆమెకు ఒక మంచి మేష్టారు మిగులుతాడు. కానీ వేదిక మీద నేను చేసింది కూడా ఊరుకోవడమే.

“ఆయన చూశారు. నా చెయ్యీ చూశారు, నా మొహమూ చూశారు. తెలిసే నిన్ను దిగమన్నారు. తెలిసే ఇది రాశారు” అన్నాను.

నాగమణి రిజిస్టరు తన వైపు తిప్పుకుంది. తర్వాత, “నా ఇంగ్లీషు నోటుబుక్కు మొన్నమొన్నటిదాకా దాచా. మంచి ప్రశ్న అన్నారని” అంది. నా వైపు తిరిగి, “చెప్పాలనుకుంటే అప్పుడే చెప్పాల్సింది. గిలకలదిండి మీ ఇంటికి ఎంత దూరం? ఇప్పుడు ఆయన్ని కూడా లేకుండా చేశావు” అంది.

గుమాస్తా ఇబ్బందిగా దగ్గి, కాగితం నా ముందుకు జరిపాడు. ఈమే ఆమె అని ధ్రువీకరిస్తూ నేను సంతకం పెట్టాలి. కలం ఎడం చేతిలోకి తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది, ఆ క్షణాన అదేదో ప్రాయశ్చిత్తం అనిపించింది. కామేశ్వరి అని రాశాను. చివరి అక్షరం గీత దాటి కిందికి జారిపోయింది. గుమాస్తా దాన్నీ, నేను తెచ్చిన ఐడీ కార్డు మీది సంతకాన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు.

“రెండూ కలవట్లేదండీ మేడమ్. ఆఫీసులో తిప్పి పంపేస్తారు. ఇంకో ఫారం ఇస్తాను, మీరు మామూలుగా పెట్టే చేత్తోనే పెట్టండి.”

నాగమణి కొత్త ఫారం ఎడం చేత్తో అందుకుని నా ముందు పెట్టింది. ఏమనుకోకు అనలేదు.

“నీ మనసు తేలికపడ్డానికి నా కాగితం చెడగొట్టకు కామేశ్వరీ” అంది. “కుడిచేత్తో పెట్టు. నాకు పదకొండింటి బస్సుంది.”

పెట్టాను. ఎప్పటిలాగే గుండ్రంగా, ఆ చివరి గడిలోని మాటలాగే, అచ్చం నాన్నగారి దస్తూరీలా వచ్చింది.